ఆరో మలుపు తెల్ల చుక్కలు

మార్చి 30. ఎండ. రైడర్లు లేరు.

కొత్త రంగు డబ్బా వచ్చింది. దాని మీద “వెలుతురు పడితే మెరుస్తుంది” అని రాసి ఉంది. నిజంగానే మెరుస్తోంది. పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా మోకాళ్ల మీద పాకుతూ ఆరో మలుపులోని ముప్పై ఎనిమిది చుక్కలకూ కొత్త పూత వేశాను.

ఎవరైనా పడితే, వాళ్ల బండి తారు దాటిన చోట నల్లటి అంచుపట్టీ మీద అరచేయంత తెల్ల చుక్క పెట్టడం ఈ ట్రాక్ పద్ధతి. అన్ని మలుపుల్లోనూ పెడతారు గానీ పెట్టడంలో తేడా ఉంటుంది. నేను బిస్కెట్ డబ్బా మూతకు గుండ్రంగా రంధ్రం కోసి పెట్టుకున్నాను. అది ఆనించి పూస్తే అంచు చెదరదు. నాలాగే మలుపు కాసే మార్షల్, నాలుగో మలుపు బజారప్ప వేళ్లతో పూస్తాడు. వాడి చుక్కలు పిడకల్లా ఉంటాయి, అవీ సగం చెరిగిపోయాయి. పోయిన నెల ట్రాక్ అధికారి సుభాషిణి మేడమ్ నా చుక్కల్ని ఫొటో తీసి, “మద్దిలేటిని చూసి నేర్చుకోండి” అని అందరికీ పంపారు. ఆ సంగతి ఈ దస్త్రంలో రాయాల్సిన పని లేదు. అయినా రాశాను.

ఏప్రిల్ 3. ఎండ. గాలి లేదు. ట్రాక్ డే.

నలభై ఒక్క మంది వచ్చారు. తానుబండ్లు ఎప్పటిలాగే వాళ్లను నిద్రలోనే తెచ్చి గేటు దగ్గర దించి, నీడ వెతుక్కుని వాటంతట అవే ఆగాయి. రోడ్డు మీద మనిషి తన చేత్తో బండి నడపకూడదని చట్టం వచ్చి పద్దెనిమిదేళ్లయింది. వచ్చినవాళ్లలో సగం మందికి రెండు చక్రాల చేతిబండి తెలిసింది ఈ మూడున్నర కిలోమీటర్ల ట్రాక్ మీదే. ముప్పై ఏళ్ల వయసున్న ఒకాయన, “ఒక బండికి రెండు బ్రేకులెందుకండీ, ఒకటి స్పేరా?” అని అడిగాడు. తనిఖీ షెడ్డు ఈరన్న నవ్వాపుకోలేక టైరు వెనక్కి వంగిపోయాడు.

పొద్దున పాఠం చెప్పేది నేనే. తొమ్మిదేళ్లుగా అదే పాఠం. బ్రేకు మలుపుకు ముందే అయిపోవాలి. మలుపులో చేతులు వదులుగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, పోవాల్సిన చోటే చూడాలి. పడతామేమో అని భయపడే చోటు చూస్తే బండి నేరుగా అక్కడికే తీసుకుపోతుంది, దానికి మన భయం తెలియదు, మన చూపే తెలుసు. అందరూ తల ఊపారు. తల ఊపడానికి లైసెన్సు అక్కర్లేదు.

ఆరో మలుపులో పడినవారు ఇద్దరు. దెబ్బలు లేవు. ఇద్దరి గాలికోట్లూ సమయానికే ఉబ్బాయి. పడటానికి రెప్పపాటు ముందు ఆ కోటు వార్తలు చదివే గొంతుతో “మీరు పడబోతున్నారు, చేతులు ముడుచుకోండి” అంటుంది. ఆ గొంతు వినడానికి ఎవరికీ ఇష్టం ఉండదు.

ఫారంలో ఆఖరి గడి “లేవగానే అన్న మొదటి మాట”. తలకు దెబ్బ తగిలిందో లేదో డాక్టరుకు దాన్ని బట్టి తెలుస్తుందట. ఇద్దరూ ఒకే మాట అన్నారు: “బండి ఎలా ఉంది?” ఈ దస్త్రంలో పదికి తొమ్మిది గడుల్లో ఆ మాటే ఉంటుంది.

చుక్కలు నలభై అయ్యాయి.

ఏప్రిల్ 6. ఎండ. ట్రాక్ డే.

ముగ్గురు పడ్డారు. ముగ్గురూ మలుపు చివర, బయటి అంచు మీదుగా కంకరలోకి పోయారు. ఒకరికి మణికట్టు బెణికింది. నాలుగో మలుపు దీనికంటే పదును. అక్కడ ఒక్కరూ పడలేదు.

మేడమ్ లెక్క ప్రకారం తప్పు గాలికోటుది. పడినా ఏమీ కాదన్న ధైర్యంతో జనం తెగిస్తున్నారని ఆమె అనుమానం. ఈరన్న తారు వేడి కొలిచాడు, టైర్ల గాలి కొలిచాడు, ఏ తేడా దొరకలేదు. నా మటుకు నాకు ఈ కాలం వాళ్లకు ఓపిక లేదనిపించింది. అలా అనుకోవడం సుఖంగానే ఉంటుంది.

ఈ రోజు మాబున్ని వచ్చింది. ఆమె గురించి ఇక్కడ కొంచెం రాయాలి. ఇరవై మూడేళ్ల పిల్ల, నల్లమల అంచు ఊరు. ఏడు గూడేలకు మందులు మోసే పని చేస్తుంది. ఆ దారిలో సిగ్నల్ లేదు, ప్రతి వానకూ దారి మారుతుంది, కాబట్టి తానుబండ్లు పోవు. పులుల అడవి మీద డ్రోన్లు ఎగరనివ్వరు. ఎనిమిది నెలలుగా ఆమె ఐసుపెట్టె వీపున కట్టుకుని నడిచి పోతోంది. ఐదో గూడెం దాకానే ఐసు నిలుస్తుంది. ఆఖరి రెండు గూడేల్లో షుగర్ ఇంజెక్షన్లు వాడేవాళ్లు తొమ్మిది మంది. వాళ్లకు చేరేసరికి మందు వెచ్చబడి పనికిరాకుండా పోతోంది.

కొండ పర్మిట్ ఉంటే చేతిబండి మీద వెళ్లొచ్చు. దానికి ఈ ట్రాక్‌లో పరీక్ష పెడతారు, ఇరవై చుట్లు పడకుండా తిరగాలి. సాధనలో పడినవీ కలిపి మొత్తం మూడుసార్లు పడితే పర్మిట్ ఇక జన్మలో రాదు. నవంబరులో ఆమె ఒకసారి పడింది, ఆరో మలుపులోనే. పరీక్ష ఏప్రిల్ 23న.

ఏప్రిల్ 9. దుమ్ము. ట్రాక్ డే.

తెల్లవారుజామున ఎర్రదుమ్ము లేచింది. ట్రాకంతా ఇటుకపొడి చల్లినట్టుంది. తుడిచే యంత్రం నడిమి దారి మాత్రం తుడిచి వెళ్లింది, అంచులు వదిలేసింది. నా చుక్కలన్నీ కప్పబడిపోయాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంది.

దుమ్ములో జారి చాలామంది పడతారనుకున్నాం. అంబులెన్సును ఆరో మలుపు పక్కనే పెట్టించాను. ఎవరూ పడలేదు.

భయంతో మెల్లగా పోయారని రాశాను. ఇప్పుడు ఆ వాక్యం మీద గీత పెడుతున్నాను, ఎందుకంటే చుట్టుకు పట్టిన సమయాలు చూశాను. మెల్లగా పోలేదు.

ఏప్రిల్ 12. ఎండ. ట్రాక్ డే.

నిన్న చీపురుతో అంచులన్నీ ఊడ్చి, చుక్కలు తడిగుడ్డతో తుడిచాను. మళ్లీ తళతళలాడాయి.

నలుగురు పడ్డారు. నాలుగోది మాబున్ని.

ఆమె పోకడ చూస్తూనే ఉన్నాను. లోపలికి చక్కగా వచ్చింది, బ్రేకు సరిగ్గా వదిలింది, మలుపు మధ్యలో ఎందుకో నిటారుగా లేచి, సూదికి దారం ఎక్కించినట్టు నేరుగా అంచు మీదికి పోయింది. కోటు మాట్లాడింది. ఆమె కంకరలో రెండు పొర్లు పొర్లి లేచి కూర్చుంది. నేను జెండా ఊపి, పరుగెత్తుకుంటూ వెళ్లాను.

లేవగానే అన్న మొదటి మాట: “ఇది లెక్కలోకి వొస్తాదా సిన్నాయనా?”

వస్తుందని చెప్పాను. అబద్ధం చెప్పాలనిపించింది, కానీ ఫారం నా చేతిలోనే ఉంది.

ఏప్రిల్ 13. ఎండ. రైడర్లు లేరు.

పడినవాళ్లను ఒక రోజు వైద్యం గదిలో ఉంచాలి. రాగిసంగటి, చెనిగిత్తనాల పచ్చడి తీసుకుని మాబున్ని దగ్గరికి వెళ్లాను. భుజం కమిలింది తప్ప బాగానే ఉంది. తింటుంటే అడిగాను, మలుపు మధ్యలో ఏమైందని.

“ఏమీ గాలే. బండి మాట ఇంటానే ఉన్న్యాది. నా కండ్లే ఇనలే.”

“ఏం చూసినావు?”

ఆమె సంగటి ముద్దను తిరిగి గిన్నెలో పెట్టింది.

“నీకు కోపం రాదంటే సెప్తా.”

“రాదులే, చెప్పు.”

“నీ సుక్కలే సూస్తి సిన్నాయనా. ఎంత ముద్దుగ ఉండాయి, వరసగ, మెరుస్తా! వాటిని సూడొద్దు సూడొద్దు అనుకుంటానే పోతి. ఆడ నా సుక్క గూడా ఉంది గదా, నవంబర్లోది. అది యాడుందో అని యెతికితి. అంతే. యెతికినకాడికే పోయినా.”

కోపం రాదన్నాను గానీ వచ్చింది. తొమ్మిదేళ్ల పని. పడినచోటు తెలిస్తే జాగ్రత్తపడతారని పెట్టిన గుర్తులు. చేతకాక పడి చుక్కల మీదికి నెడుతున్నావా అని అనబోయి ఆపుకున్నాను. గిన్నె తీసుకుని వచ్చేశాను.

ఏప్రిల్ 14. ఎండ. రైడర్లు లేరు.

పాత దస్త్రాలు అన్నీ తిరగేశాను. మొదటి మూడేళ్లలో ఆరో మలుపులో నలుగురే పడ్డారు. డబ్బా మూత వాడటం మొదలుపెట్టిన ఏడాది ఏడుగురు. మేడమ్ కొత్త రంగు పంపాక రెండు వారాల్లో తొమ్మిది మంది. చుక్కలు చెరిగిపోయిన నాలుగో మలుపులో ఈ ఏడాది ఒక్కరు. దుమ్ము కప్పిన రోజు ఎవరూ లేరు.

భోజనం చేయబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 15. ఎండ. రైడర్లు లేరు.

మేడమ్‌కు చెప్పాను. ఆమె శ్రద్ధగానే విన్నారు. చుక్కలు రికార్డు కిందికి వస్తాయట. ఒక్కటి చెరిపినా రికార్డు చెరిపినట్టే, ఉద్యోగం పోతుంది. పైకి ఫైలు పంపితే నలభై ఐదు రోజుల్లో జవాబు వస్తుంది.

“పరీక్ష ఎనిమిది రోజుల్లో ఉంది మేడమ్.”

“తెలుసు మద్దిలేటి గారూ. కానీ ఒక అమ్మాయి అలా అనుకుందని రూలు మార్చలేం కదా. చూడొద్దని మీరే రోజూ చెబుతున్నారు, ఆమె చూసింది.”

నిజమే. పొద్దున పాఠంలో చూడొద్దని చెప్పి, పాఠం అయ్యాక అది కనపడేలా రంగు వేస్తున్నది కూడా నేనే.

ఏప్రిల్ 17. ఎండ. రైడర్లు లేరు.

నమ్మకం కుదరక స్వయంగా చూడాలనుకున్నాను. తొమ్మిదేళ్లయింది నేను బండెక్కి. ఈరన్న తనిఖీ బండి ఇచ్చాడు. కోటు జిప్పు తనే మెడ దాకా లాగి, “వయసు గుర్తుపెట్టుకో బావా” అన్నాడు.

నాలుగు చుట్లు నిదానంగా తిరిగాను. ఐదో చుట్టులో కొంచెం వేగం పెంచాను. ఆరో మలుపులో అటు చూడకూడదని పళ్లు బిగపట్టాను. చుక్కలు నా వైపే వస్తున్నట్టు అనిపించింది. “మీరు పడబోతున్నారు” అని ఆ వార్తల గొంతు అనడం విన్నాను. తర్వాత ఆకాశం, కంకర, మళ్లీ ఆకాశం.

ఈరన్న పరుగెత్తుకొచ్చాడు. నేను లేచి కూర్చుని ఒక మాట అన్నాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. దస్త్రంలో ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

లేవగానే అన్న మొదటి మాట: “బండి ఎట్లుంది?”

రూలు ప్రకారం నాకూ ఒక చుక్క పెట్టాలి. నిన్నటి ట్రాక్ డేలో ఇద్దరు పడ్డారు, నాది యాభయ్యోది. తెల్లరంగు అయిపోయింది. ఈరన్న షెడ్డులోంచి బండ్ల అడుగుకు పూసే నల్లరంగు తెచ్చాడు.

“ఇది నలుపు కదప్పా.”

“అయితే ఏంది? రూల్లో రంగు రాసిండారా?”

షెడ్డు గోడ మీద రూల్స్ కాగితం ఉంది. ఇద్దరం నిలబడి చదివాం. “పడిన చోట అరచేయి ప్రమాణంలో గుర్తు పెట్టవలెను. గుర్తు చెరపరాదు.” రంగు మాట ఎక్కడా లేదు.

నా చుక్క నల్లగా పెట్టాను. నాలుగు అడుగుల దూరం నుంచి చూస్తే తారులో కలిసిపోయింది. ఈరన్న నన్ను చూశాడు, నేను ఈరన్నను చూశాను.

ఏప్రిల్ 22. ఎండ. రైడర్లు లేరు.

పొద్దున మొదలుపెట్టాం. జారకుండా నల్లరంగులో సన్నటి ఇసుక కలిపాం. ఈరన్న కలుపుతుంటే నేను డబ్బా మూత ఆనించి, తెల్లచుక్క మీద సరిగ్గా అంతే నల్లచుక్క వేస్తూ పోయాను. ఒక్కటీ చెరపలేదు. అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

ఒకటి మాత్రం వదిలాను. మొదటిది. జయరాముడిది.

నేనూ జయరాముడూ ఒకే ఏడాది చేతిబండి నేర్చుకున్నాం. ట్రాక్ తెరిచిన మొదటి నెలలో ఉక్కపోస్తోందని కోటు జిప్పు తీసి తిరిగాడు. జిప్పు తీస్తే కోటు ఉబ్బదు. ఆరో మలుపు అంచు దాటి పడ్డాడు, లేవలేదు. తనిఖీవాళ్లు వచ్చేదాకా ఆ చోటు చెరిగిపోకుండా చూడమని నన్ను నిలబెట్టారు. రెండు రోజులు నిలబడ్డాను. ఆ లోపు వాడిని ఊళ్లో మట్టి చేసేశారు. పిడికెడు మట్టి వేయడానికి కూడా నేను లేను. గీతలు గీయడానికి అక్కడ ఉంచిన ముగ్గుపిండితో ఒక చుక్క పెట్టాను, చోటు గుర్తుండాలని. ఆ ఒక్క చుక్క నుంచే ఈ రూలంతా పుట్టింది.

యాభైలో ఒకటి తెల్లగా ఉంటే ఏమీ కాదని ఈరన్నతో చెప్పాను. డబ్బాలో రంగు మిగిలే ఉంది. బ్రష్ కడిగేశాను.

ఏప్రిల్ 23. ఎండ. పరీక్ష.

రైడరు ఒక్కతే. మాబున్ని. పది చుట్లు, టైర్ల తనిఖీకి పది నిమిషాలు, మళ్లీ పది చుట్లు. మేడమ్ టవర్లో ఉన్నారు.

మొదటి ఆరు చుట్లు నీళ్లు తాగినంత తేలిగ్గా పోయాయి. ఏడో చుట్టులో మలుపు మధ్యలో బండి కొంచెం లేచింది. ముందు చక్రం అంచుపట్టీ ఎక్కి దిగింది. తొమ్మిదో చుట్టులో మళ్లీ లేచింది, ఈసారి ఇంకా బయటికి. కోటు “మీరు పడ...” అని మొదలుపెట్టి ఆగిపోవడం నా చోటి నుంచే వినిపించింది. ఆమె ఎలా నిలబెట్టుకుందో నాకు అర్థం కాలేదు.

రెండుసార్లూ చక్రం పోయిన చోటు ఒకటే. యాభై చుక్కలున్నప్పుడు చూపు చెదిరేది. ఇప్పుడు ఆ నల్లటి అంచులో కనపడేది ఒకే ఒకటి, ఎండకు కళ్లు చెదిరేలా మెరుస్తోంది. దాన్ని అలా ఒంటరిగా వదిలింది నేను. నా స్నేహితుడి కోసం వదిలాను. దాని వల్ల ఆ పిల్ల పడితే, ఆఖరి రెండు గూడేల తొమ్మిది మందికీ నేను ఏమని చెప్పాలి? ఈ తొమ్మిదేళ్లలో మొదటిసారి నా మలుపంటే నాకు భయం వేసింది.

పది చుట్లయ్యాక ట్రాక్ మూసి టైర్లు చూస్తున్నారు. రేడియోలో “ఆరో మలుపు అంచు శుభ్రం చేస్తున్నాను” అని చెప్పి లోపలికి వెళ్లాను. రంగు పూస్తే ఆరదు, తడిరంగు మీద చక్రం జారుతుంది. కంకర అవతల ఎర్రమట్టి ఉంది. తాగే నీళ్లు కొంచెం పోసి పిసికాను. పిడికెడు తీసి చుక్క మీద వేశాను. తెలుపు ఇంకా కనపడుతోంది. రెండో పిడికెడు వేశాను. మూడోది వేసి అరచేత్తో ఒత్తేటప్పుడు గానీ నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు.

అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎంతసేపో చెప్పలేను, టవర్ లాగ్ ప్రకారం రెండు నిమిషాలు. పలచగా ఒత్తిన మట్టి కాలే అంచు మీద అప్పటికే ఆరిపోయింది. పొడి మిగలకుండా చేత్తో తుడిచి, నా చోటికి వచ్చేశాను.

మిగతా పది చుట్లలో రాయడానికి ఏమీ లేదు. ఆమె మలుపులోకి వచ్చింది, మలుపు అవతలికి చూసింది, వెళ్లిపోయింది. పదిసార్లూ అంతే.

పడినవారు: లేరు. గుర్తుల రంగు మార్చినవారు: మద్దిలేటి, ఆరో మలుపు మార్షల్. ఆ గడిలో తన పేరూ రాయమని ఈరన్న పోట్లాడాడు. రాయలేదు.

మే 4. మబ్బు. గేటు డ్యూటీ.

ఆర్డరు వచ్చింది. రికార్డు రూపం మార్చినందుకు నాకు మూడు నెలలు గేటు. అదే కవరులో ఇంకో కాగితం ఉంది: ఇకపై అన్ని మలుపుల గుర్తులూ నలుపు రంగులో ఉండవలెను. రెండింటి కిందా ఒకే సంతకం, మేడమ్‌ది. మేడమ్ గేటు దాటేటప్పుడు నా వైపు చూడలేదు. మధ్యాహ్నం మజ్జిగ మాత్రం పంపించారు.

ఆరో మలుపులో పరీక్ష తర్వాత మూడు ట్రాక్ డేలు జరిగాయి. ఎవరూ పడలేదు.

కొండ పర్మిట్ బండిని మొదటి ట్రిప్ అయ్యాక తనిఖీకి తేవాలి. సాయంత్రం నాలుగింటికి మాబున్ని వచ్చింది. బండి నిండా బురద, కోటు జిప్పు మెడ దాకా ఉంది. స్టాండు వేసి, హెల్మెట్ కూడా తీయకుండా వెనక కట్టిన పెట్టె మూత తెరిచింది. లోపల చెయ్యి పెట్టి, నా అరచేతిలో ఏదో చల్లటిది పెట్టింది. రూపాయి బిళ్లంత ఐసుముక్క. నేను చూస్తుండగానే కరగడం మొదలైంది.

పడకుండా వచ్చినవాళ్ల మాట రాయడానికి ఫారంలో గడి లేదు. మార్జిన్‌లో రాస్తున్నాను.

బండి దిగగానే అన్న మొదటి మాట: “ఏడో గూడెం దాటినంక గూడా మిగిలింది సిన్నాయనా.”